లాభం అంతే ఉంది, చేతిలో మిగిలేది ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మాది ఏలూరు. ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. 2013 డిసెంబరులో పవర్ గ్రిడ్ ఎఫ్‌పీఓ (లిస్టయిన కంపెనీ మళ్లీ జనానికి షేర్లు అమ్మడం) వచ్చినప్పుడు 90 రూపాయల చొప్పున 900 షేర్లు తీసుకున్నాను. రెండుసార్లు బోనస్ వచ్చి ఇప్పుడవి 1,600 అయ్యాయి. ఇన్నేళ్లూ కదిలించలేదు. 2023-24 సంవత్సరానికి డివిడెండ్ 18 వేలు వచ్చింది. 2024-25కి అది 14,400కి తగ్గింది. ఎందుకా అని ఫోన్లో ఒక యాప్ తెరిచి చూస్తే ‘ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్’ అని గ్రాఫ్ కనిపించింది. 2017, 2018 ప్రాంతంలో సున్నా కంటే కింద ఉంది. తర్వాత ఎక్కుతూ ఎక్కుతూ 2023, 2024లో సగం దాటింది. 2025లో ఒక్కసారిగా పడిపోయింది. లాభం మాత్రం మూడేళ్లుగా 15,500 కోట్ల దగ్గరే ఉంది. షార్లెట్‌లో ఉన్న మా అల్లుడు, ‘అమెరికాలో కరెంటు కంపెనీలకు ఇది మైనస్సే ఉంటుంది మామయ్యా, పట్టించుకోకండి’ అంటున్నాడు. మా తోడల్లుడేమో, ‘క్యాష్ తగ్గుతోందంటే లోపల ఏదో ఉంది, అమ్మేసి ఎఫ్‌డీలో వేసుకో’ అంటున్నాడు. పెన్షన్ మీద బతికేవాణ్ణి, టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినమంటారు? పేరు వేయకండి.

సమాధానం: మీ అల్లుడుగారి సలహా బాగుంది గానీ ఆయన చెప్పిన కారణం పూర్తిగా నిలబడదు. మీ తోడల్లుడుగారికి అనుమానం రావడంలో తప్పు లేదు గానీ, అనుమానించాల్సిన చోటు అది కాదు. ఆ గ్రాఫ్ దేన్ని చూపిస్తోందో తెలిస్తే ఇద్దరి మాటల్లోనూ ఎంత తీసుకోవాలో మీకే తెలుస్తుంది.

ఏడాది పొడవునా వ్యాపారం నడిపినందుకు కంపెనీ చేతికి వచ్చిన నగదు ఒకటుంటుంది. అందులోంచి కొత్త లైన్లకు, సబ్‌స్టేషన్లకు పెట్టిన డబ్బు తీసేస్తే మిగిలేది ఫ్రీ క్యాష్ ఫ్లో. దాన్ని ఆ ఏడాది ఆదాయంతో భాగిస్తే వచ్చే శాతమే మీరు చూసిన మార్జిన్. దేశమంతా కరెంటు మోసే పెద్ద లైన్లు (ట్రాన్స్‌మిషన్) నడిపే పవర్ గ్రిడ్ లాంటి కంపెనీకి ఆదాయం నెమ్మదిగా కదులుతుంది. వ్యాపారం నుంచి వచ్చే నగదు కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. కట్టడాల ఖర్చు మాత్రం కొన్నేళ్లలోనే మూడో వంతుకు పడిపోగలదు, మళ్లీ అంతకంత పెరగగలదు. కాబట్టి ఆ గ్రాఫ్‌లో మీరు చూసిన ఎత్తుపల్లాల్లో ఎక్కువ భాగం కంపెనీ ఎప్పుడు ఎంత కట్టిందో చెప్పేవే. వ్యాపారం బాగుందా లేదా అన్నది అందులో కొంచెమే కనిపిస్తుంది.

మీరు షేర్లు తీసుకున్న నెలనే గుర్తు చేసుకోండి. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకటైంది. అంతకు ముందు బయటి కరెంటు మనకు రావాలంటే గాజువాక, భద్రావతి, తాల్చేర్-కోలార్ లాంటి హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డైరెక్ట్ కరెంట్) దారులే దిక్కు. పవర్ గ్రిడ్ అప్పుడు దేశమంతా టవర్లు వేస్తోంది. చేతికి వచ్చే నగదు చాలక అప్పులు తెచ్చింది, మీ దగ్గరికి ఎఫ్‌పీఓతో వచ్చింది. అందులో కొంత ప్రభుత్వం అమ్ముకున్న వాటా, మిగతాది కంపెనీ జారీ చేసిన కొత్త షేర్లు. అంటే యాప్‌లో మీరు చూసినలాంటి మైనస్ రోజుల్లోనే మీరు ఈ కంపెనీలో డబ్బు పెట్టారు. ఆ మైనస్‌ను పూడ్చినవాళ్లలో మీరూ ఒకరు.

2016-17 నుంచి 2018-19 దాకా కంపెనీ ఏటా 24 నుంచి 26 వేల కోట్లు కట్టడాలకు పెట్టింది. 2016-17లో ఆదాయం సుమారు 26 వేల కోట్లు. ఆ రోజుల్లో వ్యాపారం నుంచి వచ్చే నగదు ఏటా 20 వేల కోట్ల చుట్టుపక్కల ఉండేది. వచ్చిందానికి మించి ఖర్చు పెడితే మార్జిన్ సున్నా కిందికి పోక ఏమవుతుంది? ఆ ఖర్చులోంచి వచ్చినవే తర్వాత ఆదాయం తెచ్చిన లైన్లు. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నుంచి తమిళనాడులోని పుగళూరుకు 6,000 మెగావాట్లు మోసే 800 కేవీ హెచ్‌వీడీసీ లైను వాటిలో పెద్దది.

ఆ పెద్ద పనులు ఒక కొలిక్కి వచ్చాక కట్టడాలు సన్నగిల్లాయి. 2021-22, 2022-23లో కంపెనీ పెట్టుబడి ఖర్చు ఏటా 9 వేల కోట్ల ప్రాంతానికి దిగింది. ఆదాయం మాత్రం 40 వేల కోట్లు దాటి 45 వేల కోట్లకు చేరింది. పాత లైన్లన్నీ సంపాదిస్తున్నాయి, కొత్తవి కట్టడం బాగా తగ్గింది. మార్జిన్ సగం దాటిందంటే దాటదా మరి. ఆ తర్వాత సౌర, పవన విద్యుత్తు కోసం రాజస్థాన్ నుంచీ గుజరాత్‌లోని ఖావ్‌డా నుంచీ లైన్లు కావాలన్నారు. 2032 దాకా ట్రాన్స్‌మిషన్‌కు 9.15 లక్షల కోట్లు అవసరమని కేంద్రం 2024లో జాతీయ విద్యుత్ ప్రణాళికలో చెప్పింది. మన అనంతపురం, కర్నూలు సోలార్ జోన్ల లైన్ల పని కూడా పవర్ గ్రిడ్‌కే దక్కింది. 2023-24లో 12 వేల కోట్లు దాటిన ఖర్చు, 2024-25లో 26 వేల కోట్లు దాటింది. ఆ ఏడాదే మీ గ్రాఫ్ పడింది. డివిడెండూ అప్పుడే తగ్గింది.

ఇంతవరకూ వింటే, ‘సరే, పని పెరిగింది, క్యాష్ తగ్గింది, అంతేగా’ అనిపిస్తుంది. అసలు సంగతి ఇంకా ఉంది. మార్జిన్ 50 శాతం ఉన్న రోజుల్లో మీరు నిశ్చింతగా ఉన్నారు చూశారా, ఆ నిశ్చింత గురించి మాట్లాడాలి.

వెయ్యి కోట్లతో ఒక లైను కట్టారనుకుందాం. ఇది నేను వేస్తున్న ఊహా లెక్క, కానీ రేట్లు నిజమైనవే. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి, అంటే సీఈఆర్‌సీ, ఈ ఖర్చులో 700 కోట్లు అప్పు, 300 కోట్లు సొంత డబ్బు అని లెక్కేస్తుంది. సొంత డబ్బు మీద 15.5 శాతం రాబడి ఇస్తుంది. 2024-29 నిబంధనల్లో కొత్త ట్రాన్స్‌మిషన్ పనులకు దీన్ని 15 శాతం చేశారు, పాతవాటికి 15.5 అలాగే ఉంది. తరుగుదల కింద పాత లైన్లకు మొదటి 12 ఏళ్లు 5.28 శాతం ఇస్తుంది. అప్పు మీద వడ్డీ ఎంతయితే అంత వసూలు చేసుకోనిస్తుంది. పన్నునూ నిర్వహణ ఖర్చునూ కాసేపు మరిచిపోదాం. వడ్డీ 8 శాతం అనుకుంటే మొదటి ఏడాది ఆ లైను మీద వచ్చేది ఇది: రాబడి 46.5 కోట్లు, తరుగుదల 52.8 కోట్లు, వడ్డీ 56 కోట్లు. మొత్తం 155 కోట్లు.

లైను కట్టడం అయిపోయింది, ఇక కొత్త ఖర్చేమీ లేదు. యాప్ లెక్కలో ఆ 155 కోట్లూ దాదాపు మొత్తం ఫ్రీ క్యాష్ ఫ్లోనే. మార్జిన్ వంద శాతానికి దగ్గర్లో కనిపిస్తుంది! నిజానికి అందులో 56 కోట్లు బ్యాంకుకు వడ్డీగా పోతాయి. తరుగుదలగా వచ్చిన 52.8 కోట్లు అసలు తీర్చడానికి పోతాయి. సీఈఆర్‌సీ ఆ రేటు పెట్టడంలో ఉద్దేశమే అది. వాటాదారులకు చెందేది 46.5 కోట్లు, అంటే వచ్చినదాంట్లో 30 శాతం. ‘ఫ్రీ’ అన్న మాట చూసి మొత్తం మనదే అనుకోకూడదు.

మన దేశంలో ఈ తేడా మరింత ఎక్కువగా కనపడటానికి అకౌంటింగ్ నిబంధన కూడా ఒక కారణం. ఇండ్ ఏఎస్ (మన దేశపు అకౌంటింగ్ ప్రమాణాలు) ప్రకారం ఇలాంటి కంపెనీ కట్టిన వడ్డీని ఫైనాన్సింగ్ పద్దు కింద చూపిస్తారు, వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి తీసెయ్యరు. చాలా యాప్‌లు ఆ పద్దు దాకా వెళ్లవు. పవర్ గ్రిడ్ ఏటా 8, 9 వేల కోట్లు వడ్డీకే ఖర్చు పెడుతుంది. 46 వేల కోట్ల ఆదాయంలో అది 18, 19 శాతం. మీరు చూసిన మార్జిన్‌లోంచి ముందు అంత తీసేసి, తర్వాత మిగిలిందాన్ని చూడండి.

ఇప్పుడు అదే లైనును పదమూడో ఏట చూద్దాం. 12 ఏళ్లు 5.28 శాతం చొప్పున 63 శాతం తరుగుదల వచ్చేసింది. తీసుకోవడానికి వీలున్నది మొత్తం 90 శాతం. మిగతా 27 శాతాన్ని లైను మిగిలిన ఆయుష్షు మీద, అంటే 23 ఏళ్ల మీద పరుస్తారు. ఏడాదికి 12 కోట్లు కూడా రావు. అప్పు దాదాపు తీరిపోయింది, వడ్డీ 5 కోట్లు. రాబడి 46.5 కోట్లు అలాగే ఉంది. మొత్తం 63 కోట్లు. అంటే 155 కోట్లు తెచ్చే లైను ఇప్పుడు 63 కోట్లు తెస్తోంది. మార్జిన్ మాత్రం ఇంకా వంద శాతం దగ్గరే! యాప్‌లో చూస్తే ఏమీ మారలేదు.

అందుకే అంటున్నాను, కట్టడాలు ఆగిన ట్రాన్స్‌మిషన్ కంపెనీకి ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్ ఎప్పుడూ అందంగా ఉంటుంది. ఆ అందం వెనక ఆదాయం మెల్లగా కరిగిపోతూ ఉంటుంది. మీరు చూసిన లాభం మూడేళ్లుగా 15,500 కోట్ల దగ్గర ఆగిపోయిందన్నారు. నన్నడిగితే మార్జిన్ పడటం కన్నా అది ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. 2023, 2024లో మార్జిన్ శిఖరం మీద ఉన్నప్పుడే లాభం కదలడం మానేసింది. కొత్త లైన్లు పడకపోతే ఈ కంపెనీకి లాభం పెరిగే దారి లేదు. ఇంకా చెప్పాలంటే నాకు 2022-23 గ్రాఫే అనుమానం పుట్టించేది, 2025ది కాదు.

ఆ శిఖరంలో కొంత పాత బాకీల వసూలు కూడా ఉండి ఉండాలి. డిస్కంలు ట్రాన్స్‌మిషన్ చార్జీలు సకాలంలో కట్టకపోతే కంపెనీకి లాభం కాగితం మీద వస్తుంది గానీ నగదు రాదు. 2022 జూన్‌లో కేంద్రం లేట్ పేమెంట్ సర్‌చార్జ్ నిబంధనలు తెచ్చి, పాత బకాయిలను 48 వాయిదాల దాకా కట్టుకోవచ్చంది, కొత్తవి ఆపితే కరెంటు కొనుగోళ్లకే ఎసరు పెట్టింది. ఆ ఆగస్టులో బకాయిల పేరుతో 13 రాష్ట్రాలను ఎక్స్ఛేంజీలో కరెంటు కొనకుండా ఆపినప్పుడు ఆ జాబితాలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నాయి, మీకు గుర్తుండే ఉంటుంది. అలా వచ్చిన పాత డబ్బు ఒక ఏడాది మార్జిన్‌ను పెంచుతుంది, మళ్లీ మళ్లీ రాదు.

మీ అల్లుడుగారి పోలికకు వద్దాం. ఆయన ఉన్న షార్లెట్‌లోనే డ్యూక్ ఎనర్జీ ప్రధాన కార్యాలయం ఉంది, కాబట్టి ఆయన మాటకు ఆధారం కళ్లెదుటే ఉంది. 2023లో డ్యూక్‌కు వ్యాపారం నుంచి వచ్చింది సుమారు 10 బిలియన్ డాలర్లు, కట్టడాలకు పెట్టింది 12 బిలియన్లకు పైనే. ఫ్రీ క్యాష్ ఫ్లో మైనస్. అంతకు ముందు ఏడాది ఇంకా ఘోరం: ఇంధనం ధరలు మండిపోయి, ఆ ఖర్చు వినియోగదారుల దగ్గర్నుంచి వసూలు కావడం ఆలస్యమై, వచ్చింది 6 బిలియన్లకు కొంచెం తక్కువ, పెట్టింది 11 బిలియన్లకు పైన. అయినా డ్యూక్ 1926 నుంచి మూణ్ణెల్లకోసారి డివిడెండ్ ఇస్తూనే ఉంది. ఎలా? అప్పు చేసి. నియంత్రణలో ఉన్న కంపెనీ కాబట్టి కట్టిన ప్రతి డాలరు మీదా రాబడి రేట్లలో కలుస్తుందన్న నమ్మకంతో బాండ్లు కొనేవాళ్లున్నారు.

అయితే రెండు గ్రాఫులనూ పక్కపక్కన పెట్టకండి. అమెరికా పద్ధతిలో వడ్డీని వ్యాపారపు నగదులోంచే తీసేస్తారు. డ్యూక్ మైనస్ వడ్డీ కట్టాక వచ్చిన మైనస్. మీరు యాప్‌లో చూసే పవర్ గ్రిడ్ ప్లస్ వడ్డీ కట్టకముందు ప్లస్. పైగా డ్యూక్ కరెంటు తయారు చేసి ఇంటింటికీ ఇచ్చే కంపెనీ, బొగ్గు, గ్యాస్ ధరల దెబ్బ దానికి తగులుతుంది. పవర్ గ్రిడ్ తీగల మీద కరెంటు మోసే కంపెనీ, లైను అందుబాటులో ఉంచితే చాలు డబ్బు వస్తుంది. మీ అల్లుడుగారు ‘పట్టించుకోకండి’ అన్నది ఇందుకే సగమే నిజం. మైనస్ అయినా మునిగిపోదన్నంతవరకూ నిజం. కానీ ఆ లోటును దేనితో పూడ్చారో చూసుకోకుండా వదిలెయ్యకూడదు.

ఇక డివిడెండ్. మీ అసలు బాధ ఇదేనని నాకు అర్థమైంది. కంపెనీకి ఉన్న షేర్లు 930 కోట్లు. 2023-24కి షేరుకు 11.25 రూపాయలు, అంటే దాదాపు 10,460 కోట్లు పంచింది. 2024-25కి 9 రూపాయలు, అంటే 8,370 కోట్లు. మొదటి ఏడాది కట్టడాల ఖర్చు, వడ్డీ పోను కూడా డివిడెండ్‌కు సరిపడా నగదు ఉంది. రెండో ఏడాది అలా లేదు. 26 వేల కోట్లు టవర్లకు పోయి, 8, 9 వేల కోట్లు వడ్డీకి పోతే, వ్యాపారపు నగదులో మిగిలేది డివిడెండ్‌కు చాలదు. చాలనిదాన్ని అప్పుతో సర్దారు. ‘అప్పు చేసి డివిడెండా?’ అని మీ తోడల్లుడుగారు వెంటనే అంటారు. మరోలా చూడండి. సీఈఆర్‌సీ లెక్కలోనే కొత్త లైనుకు 70 శాతం అప్పు తేవచ్చు. 26 వేల కోట్ల పనికి 18 వేల కోట్లు అప్పు తెచ్చినా నిబంధనలోపే. అప్పు తెచ్చింది టవర్ల కోసం, అందువల్ల సొంత డబ్బు కొంత డివిడెండ్‌కు మిగిలింది. అప్పు పెరుగుతున్న వేళ డివిడెండ్‌ను కొంచెం తగ్గించడం నాకైతే బుద్ధిగల పనిగానే కనిపిస్తోంది. సగానికి పైగా వాటా కేంద్ర ప్రభుత్వానిది. డివిడెండ్ కావాలని మీకన్నా దానికి ఆత్రం ఎక్కువ. ఆ ఒత్తిడి ఉండి కూడా తగ్గించారంటే పని నిజంగా పెద్దదే.

తోడల్లుడుగారు ‘లోపల ఏదో ఉంది’ అన్నారు కదా, వెతకాల్సిన చోట్లు నేను చెబుతాను. మొదటిది, పెట్టిన ఖర్చు ఎంత త్వరగా నడిచే లైనుగా మారుతోంది అన్నది. లైను పూర్తయి కరెంటు మోసేదాకా దాని మీద ఒక్క రూపాయి టారిఫ్ రాదు. ఇలా పూర్తయి లెక్కలోకి ఎక్కిన మొత్తాన్ని కంపెనీ ‘కెపిటలైజేషన్’ అని ప్రకటిస్తుంది. 2024-25లో అది పెట్టిన ఖర్చులో సగానికి కూడా చేరలేదు. ఒక ఏడాదికి పరవాలేదు, భారీ పనులకు రెండు మూడేళ్లు పడుతుంది. వరసగా ఇలాగే ఉంటే మాత్రం డబ్బు పొలాల్లో సగం లేచిన టవర్ల రూపంలో ఇరుక్కుపోయిందని అర్థం. ఇరిగేషన్‌లో పనిచేశారు కాబట్టి భూమి దగ్గర పని ఎలా ఆగుతుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. టవరు దిగే జాగాకు భూమి విలువలో 85 శాతమే పరిహారం ఇవ్వాలన్న 2015 నాటి మార్గదర్శకాలను 2024 జూన్‌లో కేంద్రం మార్చి 200 శాతం చేసింది. తీగల కింది భూమికి 15 నుంచి 30 శాతానికి పెంచింది. రైతుకు న్యాయం, కంపెనీకి అదనపు ఖర్చు. పని కదిలితే ఇద్దరికీ మేలే.

రెండోది ఇంతకన్నా ముఖ్యం. నేను పైన వేసిన వెయ్యి కోట్ల లెక్క పాత పద్ధతి లైన్లది, ఖర్చు ఎంతైనా సీఈఆర్‌సీ ఒప్పుకుంటే రాబడి ఖాయం. 2011 నుంచి అంతర్రాష్ట్ర లైన్లలో చాలావరకు టెండర్ల మీద పోతున్నాయి. ఏటా ఇంత చార్జీకి కట్టి ఇస్తానని ఎవరు తక్కువకు కోట్ చేస్తే వాళ్లకే పని. అక్కడ 15.5 శాతం హామీ లేదు. ఉక్కు ధర పెరిగినా, వడ్డీ పెరిగినా ఎక్కువగా కంపెనీ నెత్తిమీదే. అనంతపురం, కర్నూలు పని కూడా టెండర్‌లో గెలిచిందే. అదానీ, స్టెరిలైట్ లాంటి వాళ్లతో పోటీపడి పని దక్కించుకోవడంలో గెలుపెంతో, మరీ తక్కువకు కోట్ చేసిన తప్పెంతో అయిదారేళ్లకు గానీ బయటపడదు. మార్జిన్ గ్రాఫ్ ఈ తేడాను చెప్పదు. మంచి లైను కట్టినా, గిట్టుబాటు కాని లైను కట్టినా గ్రాఫ్ ఒకేలా పడుతుంది. నాకు ఈ కంపెనీ విషయంలో ఏదైనా గుబులుంటే ఇదే.

ఎప్పుడూ పైనే ఉండే మార్జిన్ కావాలంటే అలాంటిదీ మార్కెట్లో ఉంది, అదెలా నడిచిందో చూడండి. 2021లో పవర్ గ్రిడ్ అయిదు లైన్ల కంపెనీలను ఒక ఇన్విట్ ట్రస్టులోకి (పూర్తయిన ఆస్తుల రాబడిని యూనిట్లు కొన్నవాళ్లకు పంచే సంస్థ) మార్చి యూనిట్ 100 రూపాయలకు జనానికి అమ్మింది. ఆ అయిదింటిలో ఒకటి వైజాగ్ ట్రాన్స్‌మిషన్. శ్రీకాకుళం నుంచి వేమగిరికి 765 కేవీ లైను, ఖమ్మం నుంచి నాగార్జునసాగర్‌కు 400 కేవీ లైను దానివే. ట్రస్టుకు పెద్దగా కట్టే పని లేదు. పంచడానికి వీలున్న నగదులో కనీసం 90 శాతం పంచాలన్నది నిబంధన. యూనిట్‌కు ఏటా 12 రూపాయల దాకా పంచింది కూడా. అయినా ఒక దశలో 130 దాటిన యూనిట్ ధర తర్వాత 100 కిందికి దిగింది. చేతికి వస్తున్న 12 రూపాయల్లో కొంత అసలే తిరిగి వస్తోందని, కొత్త ఆస్తులు చేరకపోతే పెరుగుదల ఉండదని మార్కెట్ లెక్కేసుకుంది. అది చెడ్డ పెట్టుబడి అనడం లేదు, నెలవారీ ఖర్చుకు డబ్బు కావలసినవాళ్లకు పనికొచ్చేదే. ఫ్రీ క్యాష్ మార్జిన్ ఎక్కువుంటే అన్నీ బాగుంటాయన్న మాట మాత్రం అక్కడ నిలబడలేదు.

అమ్మాలా వద్దా? మార్జిన్ పడిందన్న ఒక్క కారణంతో అయితే అమ్మనవసరం లేదు. కానీ మీరు పెన్షన్ మీద ఉన్నారు కాబట్టి మీ తోడల్లుడుగారి ఎఫ్‌డీ మాటను తీసిపారెయ్యలేను. మీరు పెట్టిన 81 వేల మీద 14,400 డివిడెండ్ అంటే దాదాపు 18 శాతం, వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ ఈ రోజు నిర్ణయానికి ఆ 81 వేలతో పని లేదు. షేరు 280 అనుకుంటే మీ చేతిలో ఉన్నది 4,48,000. దాని మీద 14,400 అంటే 3.2 శాతమే. అదే డబ్బు 7 శాతం ఎఫ్‌డీలో ఉంటే ఏటా 31 వేలు దాటుతుంది. ఇంటి ఖర్చుకు ఆ తేడా ఇప్పుడే అవసరమైతే కొంత మార్చుకోవడంలో తప్పు లేదు. అవసరం లేకపోతే, మనవలకు మిగలాలనుకుంటే, కట్టడాలు సాగుతున్న కంపెనీని కట్టడాలు సాగుతున్నాయని అమ్మడం నాకు సమంజసంగా తోచడం లేదు. వచ్చే రెండు మూడేళ్లలో డివిడెండ్ 11 రూపాయలకు మళ్లీ చేరుతుందని మాత్రం లెక్కేసుకోకండి. చేరకపోతే ఆశ్చర్యం లేదు, చేరితే బోనస్ అనుకోండి.

కొంత అమ్మదలిస్తే ఒక్కటి చూసుకోండి. డీమ్యాట్‌లో ముందు కొన్నవి ముందు అమ్ముడైనట్టు లెక్క. అంటే మీ పాత 900 షేర్లు ముందు పోతాయి. వాటికి మీరు కొన్న 90 బదులు 2018 జనవరి 31 నాటి గరిష్ఠ ధరను కొనుగోలు ధరగా చూపించుకోవచ్చు. అది 90 కన్నా బాగా ఎక్కువ కాబట్టి పన్ను పడే లాభం చాలా తగ్గుతుంది. తర్వాత వచ్చిన 700 బోనస్ షేర్లకు కొనుగోలు ధర సున్నా, అమ్మిన మొత్తమంతా లాభమే. దీర్ఘకాల లాభం ఏడాదికి 1,25,000 దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. కాబట్టి పాతవి ఒక ఆర్థిక సంవత్సరంలో, బోనస్ షేర్లు తర్వాతి ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31కి అటూ ఇటూ రెండు ముక్కలుగా అమ్ముకుంటే పన్ను చాలావరకు తప్పుతుంది. ఆర్డర్ పెట్టే ముందు మీ రిటర్న్ వేసే ఆడిటర్‌కు ఈ లెక్క ఒకసారి చూపించండి.